షుగర్ ఉన్నవాళ్ళు చర్మాన్ని, కాళ్ళని, పుండ్లని ఎలా చూసుకోవాలి

షుగర్ ఉన్నవాళ్ళ కాలికి పుండు పడితే ముందుగా వినిపించే మాట "నొప్పేం లేదు, అదే తగ్గిపోతుందిలే". షుగర్ లేని మనిషి అంటే సరేలే అనుకోవచ్చు. ఏళ్ళ తరబడి షుగర్ ఉన్న మనిషి అంటే మాత్రం అక్కడే టెన్షన్ పడాలి, ఎందుకంటే అరికాల్లో పుండు పెట్టుకుని, దాని మీదే నడుస్తూ, నొప్పి లేదంటున్నారంటే నొప్పి చెప్పాల్సిన నరం పని మానేసిందన్నమాట. ఆ నరం చేయాల్సిన పని ఇక మీ కళ్ళూ చేతులూ చేయాలి. ఎలా చేయాలో వరసగా రాస్తాను. డాక్టర్‌ని మానేసి దీన్ని పట్టుకోమని కాదు, డాక్టర్ దగ్గరికి ఆలస్యంగా వెళ్ళకుండా ఉండటానికి పనికొస్తుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో

కొంచెం ఓపిక పట్టి ఇది చదవండి. తర్వాత చెప్పేవన్నీ ఎందుకు చేయాలో దీన్నిబట్టే తెలుస్తుంది.

షుగర్ ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ముందు దెబ్బతినేవి పొడవాటి నరాలు, అంటే కాలివేళ్ళ దాకా వెళ్ళేవి. అందుకే తిమ్మిర్లు, మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండటం వేళ్ళ చివర మొదలై, సాక్సు తొడుక్కున్నంత మేర పైకి పాకుతాయి. కొందరికి ఈ మంటలు రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వవు. ఇంకొందరికి ఏ మంటా లేకుండానే స్పర్శ మెల్లగా పోతుంది, ఎక్కువ మోసపోయేది వీళ్ళే. నరాలు పాడైతే పోయేది స్పర్శ ఒక్కటే అనుకోకండి. పాదంలోని చిన్న కండరాలు బలహీనపడి వేళ్ళు వంకర్లు పోతాయి, దాంతో నడిచేటప్పుడు బరువంతా బొటనవేలి మొదట్లోనూ దాని పక్క ఎముకల మీదా పడుతుంది. చెమట పట్టించే నరాలు పాడైతే పాదం ఎండిపోయి మడమలు పగులుతాయి. అంటే ఒకే జబ్బు వల్ల పాదం మీద ఒత్తిడి పెరిగింది, తోలు పెళుసైంది, ఆ సంగతి చెప్పే నోరు కూడా పోయింది.

ఇక రక్తనాళాలు. మోకాలి కింద ఉండే నాళాలు సన్నబడితే పుండుకి కావాల్సిన ఆక్సిజన్, వేసుకున్న యాంటీబయాటిక్ రెండూ సరిగ్గా చేరవు. కాసేపు నడవగానే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గడం దీనికి గుర్తు, అయితే నరాలు కూడా పోయినవాళ్ళకి ఈ గుర్తు కనిపించకపోవచ్చు. తెల్ల రక్తకణాలు షుగర్ ఎక్కువగా ఉన్న రక్తంలో మందకొడిగా పనిచేస్తాయి, క్రిముల్ని పట్టుకోవడం, చంపడం రెండూ తగ్గుతాయి. చర్మానికి బలాన్నిచ్చే కొల్లాజెన్‌కి చక్కెర అంటుకుని అది బిరుసెక్కుతుంది.

మామూలు పుండు ఒక వరసలో మానుతుంది: రక్తం గడ్డకడుతుంది, వాపు వచ్చి లోపల శుభ్రమవుతుంది, కొత్త కండ పుడుతుంది, ఆ తర్వాత నెలల తరబడి మచ్చ గట్టిపడుతుంది. షుగర్ పుండు చాలాసార్లు రెండో మెట్టు మీదే ఇరుక్కుపోతుంది. వారాలు గడిచినా అదే ఎరుపు, అదే రసి.

"షుగర్ కంట్రోల్‌లో పెడితే పుండు దానంతటదే మానుతుంది" అనేది సగం నిజం. షుగర్ తగ్గాలి, అందులో అనుమానం లేదు. కానీ అరికాలి పుండు మీద రోజంతా బరువు వేసి నడుస్తూ ఉంటే షుగర్ ఎంత బాగున్నా అది మానదు, రక్తం అందని కాలికి కూడా అంతే. షుగర్, రక్తం, బరువు, క్రిములు, ఈ నాలుగింటినీ కలిపి చూడాలి.

1. వారానికి ఒకసారి ఒళ్ళంతా చూసుకోండి

స్నానం తర్వాత, మంచి వెలుతురులో. చర్మం మీద కనిపించేవన్నీ ప్రమాదం కావు, ఏది వదిలేయొచ్చో ఏది వదలకూడదో తెలిస్తే సగం భయం పోతుంది.

మెడ వెనక, చంకల్లో ముఖమల్ గుడ్డలా మందంగా, నల్లగా ఉంటే అది మురికి కాదు, రాళ్ళు పెట్టి రుద్దకండి. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు వచ్చే మార్పు అది, బరువు తగ్గితే పలచబడుతుంది. షుగర్ ఉందని ఇంకా తెలియని వాళ్ళకి ఇది కనిపిస్తే పరీక్ష చేయించుకోవడం మంచిది. మోకాలి కింద ముందరి ఎముక మీద గుండ్రంగా, గోధుమరంగులో, కొంచెం గుంటపడ్డ మచ్చలు ఉంటాయి చాలామందికి. వాటికి మందు అక్కర్లేదు. అదే చోట పసుపు కలిసిన ఎర్రటి, మెరిసే, పలచటి పట్టీలా ఉంటే మాత్రం చర్మం డాక్టర్‌కి చూపించండి, దాని మీద దెబ్బ తగిలితే పుండుపడి మొండికేస్తుంది.

గజ్జల్లో, రొమ్ముల కింద, పొట్ట మడతల్లో ఎర్రగా, తడిగా, దురదగా ఉండి చుట్టూ చిన్న చిన్న పొక్కులు ఉంటే అది ఎక్కువగా ఫంగస్. చక్కెర, తడి, వెచ్చదనం మూడూ దొరికిన చోట అది బాగా పెరుగుతుంది. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చే మాత్రలు, అంటే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడేవాళ్ళకి మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి మర్మాంగాల దగ్గర ఈ దురద ఎక్కువగా వస్తుంది. సిగ్గుపడి దాచుకోకండి, క్రీముతో పోయేదే. అయితే అక్కడ నొప్పి, వాపు, ఎరుపు వేగంగా పెరుగుతూ జ్వరం కూడా ఉంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. అరుదైనదే కానీ ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్ ఒకటి అక్కడే మొదలవుతుంది.

ఇక్కడే ఒక మాట: తామరకైనా దురదకైనా మందుల షాపులో అడిగి తెచ్చుకునే కలగలుపు ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గినట్టుంటుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. ట్యూబు మీద పేర్లు చదవండి, బీటామెథసోన్, క్లోబెటసాల్ అని ఉంటే డాక్టర్ చెప్పకుండా రాయకండి.

సెగ్గడ్డలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే షుగర్ లెక్క తప్పిందని అనుమానించాలి. వాటిని పిండకండి. మోచేతులు, పిరుదుల మీద ఉన్నట్టుండి పసుపు రంగు చిన్న పొక్కులు గుంపుగా లేస్తే రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు విపరీతంగా పెరిగి ఉండొచ్చు, అది ప్యాంక్రియాస్‌కి ప్రమాదం కాబట్టి వెంటనే రక్తపరీక్ష కావాలి. ఏ దెబ్బా తగలకుండా కాళ్ళ మీద నీటి బొబ్బలు వస్తే చిదపకుండా, పైన మెత్తగా కప్పి చూపించండి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పొడుచుకునే చోట్లని వేళ్ళతో తడిమి చూడండి. ఒకే చోట పొడిస్తే అక్కడ కొవ్వు గడ్డకట్టి మెత్తటి ముద్ద అవుతుంది, నొప్పి ఉండదు కాబట్టి అక్కడే పొడుచుకోవడం అలవాటైపోతుంది, ఆ ముద్దలోంచి ఇన్సులిన్ ఒకరోజు ఒకలా ఇంకోరోజు ఇంకోలా ఎక్కుతుంది. ప్రతిసారీ కనీసం ఒక సెంటీమీటరు జరిపి పొడవండి. ముద్ద వదిలేసి మంచి చోటికి మారేటప్పుడు డోసు తగ్గించాల్సి రావచ్చు, డాక్టర్‌ని అడిగి మారండి.

2. పాదాలు మాత్రం రోజూ

దీనికి వారం పది రోజుల గడువు పనికిరాదు. సాయంత్రం చెప్పులు విప్పాక కూర్చుని, ఒక కాలు ఇంకో మోకాలి మీద వేసుకుని చూడండి. కాలు పైకి రాకపోతే అద్దం కింద పెట్టుకోండి, లేదా ఫోన్‌తో అరికాలు ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. చూపు తగ్గినవాళ్ళు ఇంట్లో ఎవరిచేతైనా చూపించుకోవాలి. షుగర్ కళ్ళనీ పాదాలనీ కలిపే దెబ్బతీస్తుంటుంది కాబట్టి "నేను చూసుకున్నాను" అన్న పెద్దవాళ్ళ మాటని పూర్తిగా నమ్మొద్దు.

వేళ్ళ మధ్య ఒక్కొక్క సందూ విడదీసి చూడండి. ముఖ్యంగా చిటికెనవేలి పక్క సందు. తెల్లగా, నానినట్టు, తోలు ఊడుతూ ఉంటే పాసిందన్నమాట, ఆ చీలికలోంచే క్రిములు లోపలికి వెళ్ళి కాలంతా ఎర్రబడి ఉబ్బుతుంది. గోళ్ళ పక్కన గుచ్చుకుంటోందా, ఎరుపు ఉందా చూడండి. మడమ పగుళ్ళ అడుగున ఎర్రగా, తడిగా ఉంటే అది పగులు దాటి పుండైందని లెక్క.

తర్వాత ఆనెకాయలు. ఆనెకాయ ఉందంటే ఆ చోట బరువు ఎక్కువ పడుతోందని పాదం రాసిపెట్టినట్టే. గట్టిపడిన ఆ తోలు చెప్పులో ఇరుక్కున్న రాయిలా కింది మెత్తటి కండని ప్రతి అడుగుకీ నొక్కుతుంది. దగ్గరగా చూడండి: పసుపుపచ్చటి మందపాటి తోలు మధ్యలో ముదురు ఎరుపో నలుపో చుక్క కనిపిస్తోందా? మురికి చుక్క అయితే తుడిస్తే పోతుంది. పోకపోతే అది లోపల రక్తం చిమ్మిన గుర్తు, తోలు ఇంకా తెగలేదు కానీ అడుగున పుండు మొదలైందనే అనుకోవాలి. నా దృష్టిలో ఈ మొత్తం తనిఖీలో అన్నిటికంటే విలువైనది ఈ చుక్కే, ఎందుకంటే పుండు బయటికి రాకముందే దొరుకుతుంది. ఆ రోజే ఆ కాలి మీద నడక తగ్గించి పాదాల డాక్టర్‌కి చూపించండి. బ్లేడుతో మీరే చెక్కుకోకండి, ఆనెలకి అమ్మే మందు పట్టీలు అంటించకండి. వాటిలో ఉండే సాలిసిలిక్ యాసిడ్‌కి ఆనె తోలు ఏదో, మంచి తోలు ఏదో తెలియదు, స్పర్శ లేని మీకు అది కాలుస్తున్నట్టు తెలియదు.

చివరగా చేతి వెనక వైపుతో రెండు పాదాలూ ఒకే చోట తాకి పోల్చండి. ఒకటి రెండోదానికంటే స్పష్టంగా వేడిగా ఉంటే లోపల ఏదో జరుగుతోంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూసేవాళ్ళకైతే 2.2 డిగ్రీల సెల్సియస్ తేడా రెండు రోజులు వరసగా వస్తే నడక తగ్గించి డాక్టర్‌కి చెప్పమని లెక్క. పుండేమీ లేకుండా పాదం వేడిగా, ఎర్రగా, ఉబ్బి ఉండి నొప్పి పెద్దగా లేకపోతే దాన్ని బెణుకు అనుకోకండి. షార్కో పాదం అనే జబ్బు ఇలాగే మొదలవుతుంది, లోపల ఎముకలు మెత్తబడి విరిగిపోతుంటాయి, మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు కూడా. డాక్టర్ చూసేదాకా ఆ కాలు కింద మోపకపోవడమే మందు.

స్పర్శ ఎంత ఉందో ఇంట్లోనే చూసుకునే పద్ధతి ఒకటుంది. మీరు కళ్ళు మూసుకోండి, ఇంకొకరు మీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు చివర్లని తన చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా తాకాలి, నొక్కకూడదు, గీరకూడదు. రెండు కాళ్ళకీ కలిపి ఆరు తాకుళ్ళు. అందులో రెండో అంతకంటే ఎక్కువో మీకు తెలియకపోతే మీ పాదాలకి రక్షణ స్పర్శ తగ్గినట్టే. ఇది తేలితే డాక్టర్ దగ్గర 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష, అంటే సన్నటి నైలాన్ పోగుతో పాదాన్ని తాకి స్పర్శ చూసేది, చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతుంటే బీ12 విటమిన్ కూడా చూడమనండి, అది తగ్గినా ఇవే తిమ్మిర్లు వస్తాయి, దాన్ని సరిచేయడం తేలిక.

3. కడగడం, ఆరబెట్టడం, రాయడం

గోరువెచ్చటి నీళ్ళు చాలు, వేడి ఎంతుందో మోచేత్తో చూడండి, పాదంతో కాదు. నానబెట్టకండి. బకెట్లో కాళ్ళు పెట్టుకుని అరగంట కూర్చుంటే హాయిగానే ఉంటుంది కానీ తోలు నాని, ఆరాక ఇంకా ఎక్కువ పగులుతుంది. ఘాటైన సబ్బు వద్దు. కడిగాక అద్ది తుడవండి, వేళ్ళ సందుల్లో ఇంకోసారి తుడవండి.

చర్మం కొంచెం తేమగా ఉండగానే మాయిశ్చరైజర్ రాస్తే నీటిని లోపల పట్టి ఉంచుతుంది. మడమలు బాగా బిరుసుగా ఉంటే 10 నుంచి 25 శాతం యూరియా ఉన్న క్రీము బాగా పనిచేస్తుంది, పగులు లోతుగా విచ్చుకుని ఉంటే మాత్రం అది మండుతుంది, ముందు పగులు మాననివ్వండి. వేళ్ళ సందుల్లో ఏ క్రీమూ రాయకండి. పాసేది అక్కడే.

గోళ్ళు అడ్డంగా, తిన్నగా తీయండి, మూలల్లోకి తవ్వకండి. చూపు, చేతి పట్టు సరిగ్గా లేకపోతే ఇంకొకరిచేత తీయించుకోండి. చలికి హీటింగ్ ప్యాడ్లు, వేడినీళ్ళ సంచులు పాదాలకి పెట్టుకోవద్దు. స్పర్శ లేని కాలికి వచ్చే కాలిన గాయాలు చాలావరకు ఇలా సొంతంగా తెచ్చిపెట్టుకున్నవే.

4. చెప్పులు, సాక్సులు

ఇంట్లో కూడా ఒట్టి కాళ్ళతో నడవకండి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమండి, గులకరాయి, మేకు మొన, ఊడిన కుట్టు ఏదైనా ఉండొచ్చు. కొత్తవి సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. మొదట్లో గంటకంటే ఎక్కువ వేసుకోకుండా, విప్పి ఎరుపు పడిందా చూసి, పెంచుకుంటూ పోండి. లేతరంగు సాక్సులైతే రసి, రక్తం మరక ఇట్టే కనబడుతుంది, కుట్టు లోపలికి లేనివి చూసుకోండి. "వేసుకోగా వేసుకోగా సాగుతాయి" అనే బూట్లు మీకు వద్దు, అవి సాగేలోపు మీ తోలు లేస్తుంది.

5. గాయమైన వెంటనే

చేతులు కడుక్కోండి. గాయాన్ని ధారగా పడే శుభ్రమైన తాగే నీళ్ళతోనో సెలైన్‌తోనో కడగండి. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్ పోయకండి, అవి క్రిములతో పాటు కొత్తగా పుట్టే కణాలనీ చంపుతాయి, బుసబుసా నురగ వస్తే శుభ్రమవుతోందని మనకి అనిపిస్తుంది అంతే. పౌడర్లు చల్లకండి, ఇంట్లో చేసిన లేపనాలు పూయకండి. గట్టిపడిన ఆ పొర కింద చీము ఉందో లేదో డాక్టర్‌కి కూడా కనబడదు.

తర్వాత అంటుకోని డ్రెస్సింగ్ పెట్టి తేలిగ్గా కట్టండి. "గాలికి ఆరనివ్వాలి, పక్కు కడితే మానినట్టే" అని పెద్దవాళ్ళు చెప్పింది చాలాకాలం డాక్టర్లు కూడా నమ్మారు. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చేసిన ప్రయోగంలో, కప్పి తేమగా ఉంచిన గాయాలు ఆరబెట్టిన వాటికంటే దాదాపు రెట్టింపు వేగంతో పైతోలు కట్టాయని తేలింది. ఇప్పటి డ్రెస్సింగులన్నీ ఆ దారిలో వచ్చినవే. తేమ అంటే తడి కాదు, చుట్టూ ఉన్న మంచి తోలు తెల్లగా నానిపోతుంటే డ్రెస్సింగ్ తరచుగా మార్చాలి, లేదా రసిని ఎక్కువ పీల్చేది వాడాలి. రక్తం అందక నల్లగా ఎండిపోయిన వేలుంటే ఈ తేమ సూత్రం దానికి వర్తించదు. దాన్ని పొడిగా ఉంచి, తడపకుండా, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

బిగించి కట్టకండి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకోండి. ఫోన్‌తో ఫొటో తీసుకోండి, పక్కన స్కేలు పెట్టి, తేదీ కనిపించేలా. ఈ ఫొటో ఎంత పనికొస్తుందో తర్వాత చెప్తాను.

చేతి మీద చిన్న గీత అయితే ఇలా ఇంట్లో చూసుకుంటూ ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పడుతోందా చూడొచ్చు. పాదం మీద తోలు తెగిన పుండైతే, స్పర్శ తగ్గిన కాలైతే, చిన్నదైనా సరే ఒక రోజులో చూపించండి.

6. బరువు తీసేయడం, ఎక్కువమంది చేయనిది ఇదే

డ్రెస్సింగ్ మార్చడం పని చేసినట్టుంటుంది, కాలు కదపకుండా కూర్చోవడం ఏ పనీ చేయనట్టుంటుంది. అందుకే జనం ఖరీదైన డ్రెస్సింగులు కొంటారు కానీ నడక ఆపరు. అరికాలి పుండుకి మాత్రం వరస తలకిందులు.

పాల్ బ్రాండ్ అనే సర్జన్ వెల్లూరులో కుష్ఠు రోగులకి వైద్యం చేస్తూ గమనించిన సంగతి ఇది: వేళ్ళూ పాదాలూ పాడవడానికి ముఖ్య కారణం స్పర్శ లేక తగిలించుకున్న దెబ్బలే, వాటి మీదే నడవడమే. తర్వాత అమెరికాలో షుగర్ ఉన్నవాళ్ళ పాదాలకీ అదే జరుగుతోందని చూపించి, పాదం ఆకారానికి అతికినట్టు ఉండే సిమెంటు కట్టు వాడకాన్ని ముందుకు తీసుకెళ్ళారు. నరాలు పోవడం వల్ల అరికాల్లో వచ్చిన పుండుకి, మోకాలి దాకా ఉండి ఇంట్లో విప్పడానికి వీల్లేని ఇలాంటి కట్టో బూటో ఇప్పటికీ మొదటి ఎంపిక. "విప్పడానికి వీల్లేని" అన్నదే దాని రహస్యం. విప్పగలిగేదైతే రాత్రి బాత్రూమ్‌కి వెళ్ళేటప్పుడు, వంటింట్లోకి రెండడుగులు వేసేటప్పుడు విప్పేస్తారు, ఆ రెండడుగులే పుండుని మళ్ళీ మొదటికి తెస్తాయి. రక్తం బాగా తక్కువ అందే కాలికీ, ఇన్ఫెక్షన్ ముదిరిన పుండుకీ ఇది వేయకూడదు, అందుకే డాక్టర్ చూసి నిర్ణయించాలి.

ఈలోగా మీరు చేయగలిగింది: చేతికర్రో వాకరో వాడి ఆ కాలి మీద బరువు తగ్గించడం, రోజులో లేచి తిరగాల్సిన పనులన్నీ ఒకేసారికి కుదించుకోవడం, పుండు మడమ మీద ఉంటే పడుకున్నప్పుడు పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూసుకోవడం. మధ్యలో చిల్లు ఉన్న గుండ్రటి మెత్తలు పుండు చుట్టూ పెట్టుకోకండి, అంచుల దగ్గర ఒత్తిడి పెరిగి రక్తం అందడం తగ్గుతుంది.

7. రోజూ చూస్తూ ఉండాల్సినవి

షుగర్ రీడింగులు రాసుకోండి. తిండి మారలేదు, మందు మానలేదు, అయినా షుగర్ ఎందుకో పెరిగిపోతోంది అంటే పుండులో ఇన్ఫెక్షన్ మొదలై ఉండొచ్చు. జ్వరం కంటే ముందే ఇది కనబడుతుంది కొందరిలో. అసలు పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చాలామందికి 7 శాతం లోపు ఉండాలంటారు, వయసు మళ్ళినవాళ్ళకి, తరచూ షుగర్ పడిపోయేవాళ్ళకి ఆ లెక్క సడలిస్తారు. పుండు ఉందన్న భయంతో మాత్రలు సొంతంగా పెంచుకోకండి, షుగర్ పడిపోయి తూలి కిందపడితే ఇంకో గాయం.

యాంటీబయాటిక్ విషయం: ఇన్ఫెక్షన్ లేని పుండుకి అది అక్కర్లేదు, త్వరగా మాన్పదు కూడా. ఉన్న పుండుకి డాక్టర్ ఇచ్చినన్ని రోజులూ వాడాలి. పాత చీటీ చూపించి మళ్ళీ కొనుక్కోవడం ఈ జబ్బులో బాగా చెడ్డ అలవాటు.

కొత్త కండ పుట్టాలంటే తిండిలో ప్రోటీన్ సరిపడా ఉండాలి. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు ఎంత తినాలో అడిగి తినండి. సిగరెట్ గురించి ఒక్క మాట, అది తాగిన ప్రతిసారీ చిన్న నాళాలు ముడుచుకుంటాయి, అసలే తక్కువ అందుతున్న రక్తం ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు ఆ ఫొటోలు. వారానికి ఒకటి, అదే దూరం నుంచి, స్కేలు పెట్టి. రోజూ చూసేవాళ్ళకి పుండు తగ్గుతోందా పెరుగుతోందా తెలియదు, ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. నాలుగు వారాల్లో వైశాల్యం సగానికి తగ్గిన పుండు 12 వారాల్లో మానే అవకాశం బాగుంటుంది. సగం కూడా తగ్గలేదంటే అదే వైద్యం ఇంకో నాలుగు వారాలు లాగడంలో అర్థం లేదు. రక్తప్రసరణ, లోపలి ఎముక, బరువు తీసే పద్ధతి, అన్నీ మళ్ళీ మొదటినుంచి చూడాలి. ఈ మాట మీరే డాక్టర్‌ని అడగండి, మొహమాటపడకండి.

8. ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సినప్పుడు

పుండు చుట్టూ ఎరుపు రెండు సెంటీమీటర్లు దాటి పాకుతుంటే. పెన్నుతో ఎరుపు అంచున గీత గీసి, కొన్ని గంటల తర్వాత గీత దాటిందా చూస్తే అనుమానం ఉండదు. దుర్వాసన, చీము, తోలు కింద నొక్కితే చిటపటమన్నట్టు ఉండటం, వేలు నీలంగానో నల్లగానో మారడం, పాదం ఉన్నట్టుండి చల్లబడి పాలిపోవడం, పుండు అడుగున తెల్లగా గట్టిగా ఎముక కనిపించడం. చలిజ్వరం, వాంతులు, మనిషి మాటలో తేడా. ఇన్నాళ్ళూ స్పర్శ లేని పాదంలో కొత్తగా నొప్పి మొదలవడం కూడా, దాన్ని నరం బాగుపడుతోందని సంతోషించకండి, లోపల చీము పేరుకుంటే అలా వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రేపటి అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అర్ధరాత్రి అయినా వెళ్ళండి.

9. డాక్టర్ దగ్గర

రెండు కాళ్ళ చెప్పులూ సాక్సులూ విప్పి కూర్చోండి, అడిగేదాకా ఆగకండి. విప్పకపోతే చూడటం మర్చిపోయే అవకాశం ఎక్కువ. వాడుతున్న బూట్లు, ఫొటోలు, రీడింగులు, మందుల చీటీ తీసుకెళ్ళండి. ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి: రక్తం సరిగ్గా అందుతోందా? ఇన్ఫెక్షన్ ఉందా, ఎముక దాకా వెళ్ళిందా? బరువు ఎలా తీస్తారు? మళ్ళీ ఎప్పుడు చూస్తారు?

రక్తప్రసరణకి చీలమండ దగ్గరా చేతి దగ్గరా బీపీ పోల్చే పరీక్ష చేస్తారు. చీలమండ బీపీని చేతి బీపీతో భాగించినప్పుడు 0.9 కంటే తక్కువ వస్తే నాళాలు సన్నబడినట్టు. షుగర్ ఉన్నవాళ్ళ నాళాల గోడల్లో కాల్షియం పేరుకుని బిరుసెక్కుతాయి కాబట్టి ఈ లెక్క మామూలుగా ఉన్నట్టు, ఒక్కోసారి మరీ ఎక్కువగా ఉన్నట్టు తప్పుగా చూపిస్తుంది. రిపోర్టు నార్మల్ వచ్చినా పుండు మానకపోతే కాలివేలి దగ్గర ప్రెషర్ చూసే పరీక్ష చేస్తారా అని అడగండి. సన్నబడిన నాళాన్ని తెరిస్తే నిలబడే కాళ్ళు చాలా ఉంటాయి. కాలు తీసేయాలని ఎవరైనా చెప్తే, ప్రాణం మీదికి వచ్చిన ఇన్ఫెక్షన్ అయితే తప్ప, రక్తనాళాల సర్జన్ ఒకసారి చూశాకే ఒప్పుకోండి.

10. మానాక

పైన తోలు కట్టింది, తడి లేదు, డ్రెస్సింగ్ అక్కర్లేదు. అప్పుడు చాలామంది పాత చెప్పులు తీసి వేసుకుని బజారుకి వెళ్తారు. ఒకసారి మానిన పాదం పుండు, ఏడాదిలోపు దాదాపు 40 శాతం మందిలో మళ్ళీ వస్తుంది. మచ్చ ఎన్ని నెలలు గడిచినా మొదటి తోలు బలంలో 80 శాతానికి మించదు, మొదటి వారాల్లో అయితే అందులో చిన్న భాగమే ఉంటుంది. పుండు తెచ్చిన బరువు, వంకర వేలు, బిరుసు బూటు అక్కడే ఉన్నాయి.

కాబట్టి నడకని మెల్లగా పెంచండి, మొదటి రోజు పది నిమిషాలు, విప్పి చూడటం, మచ్చ మీద ఎరుపు అరగంటలో పోతే మర్నాడు ఇంకొంచెం. మీ పాదం కొలతలకి చేసిన ఇన్‌సోల్ గురించి అడగండి, అది వచ్చేదాకా పాత బూట్లు ఇంట్లోంచి తీసేయండి, కళ్ళ ముందుంటే వేసుకుంటారు. పాదాల తనిఖీకి ఏ ఇబ్బందీ లేని వాళ్ళు ఏడాదికోసారి వెళ్తే సరిపోతుంది, మీలాగా ఒకసారి పుండు వచ్చి మానినవాళ్ళు మాత్రం ఒకటి నుంచి మూడు నెలలకోసారి వెళ్ళాలి. వచ్చే అపాయింట్‌మెంట్ తేదీ ఈసారి బయటికి వచ్చే ముందే రాయించుకోండి.